టీచరమ్మ సైకిలు, జెండా పెద్దాయన కేక

నాకు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి సగం పనిచేస్తుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో చేసినవాడికి పింఛను లేదు గానీ, చెవుడు మాత్రం నెలనెలా తప్పకుండా అందుతూ ఉంటుంది. కంప్రెషర్ పక్కన అరిచి మాట్లాడటం అలవాటై నేను ఇంట్లో కూడా అలాగే అరిచేవాణ్ణి. "ఇది క్వారీ కాదండీ, ఇల్లు" అని మా ఆవిడ గుర్తుచేస్తూ ఉండేది.

మా మనవరాలు కాలేజీకి సైకిలు మీద వెళుతుంది. ఈ మధ్య చెవుల్లో చిక్కుడు గింజలంత వస్తువులు పెట్టుకుని పాటలు వింటూ తొక్కుతోంది. వాళ్ళమ్మ కోప్పడితే పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. "తాతయ్యా, నువ్వు చెప్పు. మోటారు సైకిలు కూడా కాదు, ఉత్త సైకిలు. వింటే ఏమవుతుంది?" అంది. వద్దనడం తేలికే. కానీ ఒకప్పుడు ఒక మనిషి అలా వింటూ సైకిలు ఎందుకు తొక్కిందో నాకు తెలుసు. అది తెలిసినవాడికి వద్దనే మాట అంత తొందరగా నోట రాదు. అందుకని అవునో కాదో చెప్పకుండా మా మనవరాలికి ఆ సంగతంతా చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

ఎనభైల నడుమ రోజులవి. చీమకుర్తి చుట్టూ క్వారీలు ఒకదాని తర్వాత ఒకటి నోళ్ళు తెరుస్తున్నాయి. నిన్నటిదాకా కంది, మిరప పండిన చేల పక్కనే పెద్ద పెద్ద గోతులు పడ్డాయి. నల్లరాయిలో బంగారు రవ్వలు మెరుస్తాయని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కొనేవాళ్ళు. మాకు మాత్రం అది దుమ్ము. తలలో దుమ్ము, అన్నంలో దుమ్ము.

నేను అక్కడ మేస్త్రీని. ముఖ్యంగా తూటాలు పేల్చడం నా పని. మంచి రాయి మీద తూటా పెట్టరు, బీటలిస్తుంది. దాని మీద కప్పుకుని ఉన్న పనికిరాని బండని తొలగించడానికే పేల్చేది. బండకి వేసిన రంధ్రాల్లో మందు కూరి, వత్తులు అంటించి, నడిచివచ్చి ఇనప రేకుల గూట్లో దాక్కోవాలి. పరుగెత్తకూడదు. పరుగెత్తినవాడు పడతాడని, పడ్డవాడు లేవడని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. వత్తి ఒకసారి అంటుకుందంటే దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, మిగతా పనంతా మీకు అక్కర్లేదు.

మా క్వారీ అంచునే బండ్లబాట ఉండేది. పేల్చే వేళ బాట మీద జనాన్ని ఆపడానికి రెండు కొసల్లో ఇద్దరు ఎర్రజెండాలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఒక కొస చీమకుర్తి వైపు, రెండో కొస అవతలి పల్లెటూరి వైపు. పల్లెటూరి వైపు నిలబడేది యాభై దాటిన మనిషి. ఆయన్ని అందరం జెండా పెద్దాయన అనేవాళ్ళం. ఆదివారం వాళ్ళ పల్లె ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకునేది ఆయనే. "తూటా పేలుతుందో, ఆగండహో" అని కేకేశాడంటే ఎక్కడో మిరపచేలో వంగి కాయలు కోస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూసేవాళ్ళు. మేకలు కూడా ఆగుతాయని మేం నవ్వుకునేవాళ్ళం. క్వారీ వాళ్ళు ఆయనకి ఈల ఇచ్చారు. దాన్ని మెడలో వేసుకునేవాడు గానీ ఊదేవాడు కాదు. "అది కోడిపిల్ల కూతలాగుంటది మేస్త్రీ. దానికెవడు ఆగుతాడు?" అనేవాడు.

ఆ పల్లెటూరి బడిలో పనిచేసే టీచరమ్మ రోజూ చీమకుర్తి నుంచి సైకిలు మీద వచ్చి పోయేది. అప్పట్లో మా వైపు ఆడమనిషి సైకిలు తొక్కడం వింతే. మొదట్లో లారీల క్లీనర్లు ఏవేవో కూసేవాళ్ళు. ఆమె తల తిప్పేది కాదు. వాళ్ళకే విసుగుపుట్టి మానేశారు. ముప్పైలోపు వయసు. ఎండకీ దుమ్ముకీ పైటకొంగు తల చుట్టూ బిగించి, కొస నడుములో దోపుకుని తొక్కేది. పెద్దాయన కనబడితే "వందనాలు పెద్దయ్యా" అనేది. "వందనాలమ్మా. నిదానంగా పో" అనేవాడు ఆయన. ఆమె భర్త కువైట్‌లో ఉన్నాడని, పెళ్ళయిన కొన్నాళ్ళకే వెళ్ళాడని, ఇంట్లో అత్తమామలూ మరుదులూ ఆడపడుచూ ఉంటారని మాకు తెలుసు. చిన్న ఊళ్ళో ఇంతమాత్రం అందరి గురించీ అందరికీ తెలిసే ఉంటుంది.

ఆ ఏడు మిరప కోతలు మొదలైనప్పటి నుంచి ఆమె వందనాలు చెప్పడం మానేసింది. పలకరించినా వినబడనట్టే పోయేది. ఒక్కోసారి తనలో తనే నవ్వుకుంటూ పోయేది. పెద్దాయన మనసు కష్టపెట్టుకున్నాడు.

"టీచరమ్మకి నా మీద కోపమొచ్చినట్టుంది మేస్త్రీ. పిలిస్తే పలకట్లా."

"నీ మీద కోపమేంటి? ఎండకి నోరు తెరవబుద్ధి కాక అయ్యుంటుంది" అన్నాను.

"నవ్వుకుంటా పోతంది గదా. ఎండకి నవ్వొస్తదా?" అన్నాడు.



సాధారణంగా మేం మధ్యాహ్నం అన్నాల వేళ పేల్చేవాళ్ళం. అప్పుడు బాట మీద పురుగు కూడా ఉండదు. ఆ రోజు పొద్దున్నే కంప్రెషర్ మొరాయించింది. ఒంగోలు నుంచి మెకానిక్ వచ్చి బాగుచేసి, రంధ్రాలు వేయించి, మందు కూరేసరికి బడి వదిలే వేళయింది. మందు కూరాక దాన్నలా రాత్రంతా వదిలేసి ఇంటికి పోవడానికి లేదు. పేల్చి తీరాలి.

పెద్దాయన తన చోట నిలబడి కేక వేశాడు. అవతలి కొస నుంచి కూడా జెండా ఊగింది. బాట మీద ఎవరూ లేరు. నేను వత్తులు అంటించి, నడిచి గూట్లోకి వచ్చాను. సరిగ్గా అప్పుడే మిరపకాయ టిక్కీల బస్తాలు వేసుకున్న ఎడ్లబండి ఒకటి పెద్దాయన దగ్గర ఆగింది. కేకకి బెదిరిన ఎడ్లు ముందుకు లాగుతుంటే బండి మనిషి ఒక్కడివల్లా కాలేదు. పెద్దాయన వెళ్ళి ముకుతాడు పట్టుకున్నాడు. ఆయన వీపు అటు తిరిగిన ఆ కాసేపట్లో, బడి వెనక నుంచి మిరపచేల మధ్యగా వచ్చే డొంకదారిలోంచి సైకిలు ఒకటి బాట మీదికి ఎక్కింది. ఆ డొంక కలిసేది పెద్దాయన నిలబడే చోటు దాటాక. అంటే సైకిలు జెండాకి ఇవతల, మా వైపు ఉంది.

గూట్లోంచి నేను చూశాను. తలకి కొంగు బిగించిన టీచరమ్మ. తల వంచుకుని ఎదురుగాలిలో తొక్కుతోంది.

పెద్దాయన కూడా చూశాడు. ముకుతాడు వదిలేసి కేక వేశాడు. ఆ గొంతులో అంత కేక నేను మళ్ళీ ఎన్నడూ వినలేదు. గోతి అవతలి గోడకి తగిలి తిరిగొచ్చింది. మిరపచేలో ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. వాళ్ళూ అరుస్తున్నారు. నేనూ అరుస్తున్నాను. సైకిలు మాత్రం ఆగలేదు. అంతమంది అరుస్తుంటే ఒక్క మనిషి ప్రశాంతంగా తొక్కుకుంటూ పోవడం చూడాలంటే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆమెకి మతి పోయిందనుకున్నాను.

పెద్దాయన జెండా పారేసి పరుగెత్తాడు. ఎటు పరుగెత్తుతున్నాడో ఆయనకి తెలుసు. ఆ క్వారీలో నాకంటే పాత మనిషి. నేను గూట్లోంచి ఒక కాలు బయటపెట్టాను. నా పక్కనున్న డ్రిల్లింగు మనిషి నా చొక్కా పట్టి లోపలికి లాగేశాడు. రేకు సందులోంచే చూశాను. పెద్దాయన సైకిలు వెనక క్యారేజి అందుకున్నాడు. సైకిలు పడింది. ఆమెని రెక్క పట్టి లాగి, బాట పక్కన పారబోసిన రాళ్ళగుట్ట వెనక్కి తోశాడు. తను ఇంకా వంగుతూనే ఉన్నాడు.

పేలింది.

దుమ్ము విడిచేదాకా ఏమీ కనబడలేదు. రాళ్ళు పడటం ఆగగానే నాకు పని నేర్పినాయన మాట పక్కన పెట్టి పరుగెత్తాను. టీచరమ్మ మోకాళ్ళూ మోచేతులూ చీరుకుపోయి ఉన్నాయి గానీ క్షేమంగా ఉంది. పెద్దాయన గుట్టకి ఆనుకుని కూర్చున్నాడు. రాయి తగిలి కుడిభుజం కిందికి జారిపోయింది. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆమె తలమీది కొంగు ఊడిపోయింది. మెడ చుట్టూ నల్లటి తీగ, దానికి రెండు వైపులా స్పాంజి బిళ్ళలు. తీగ కొసన, దుమ్ములో, అరచేతిలో పట్టే చిన్న టేపురికార్డరు పడి ఉంది. లోపల క్యాసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది.

అలాంటిది అంతకుముందు మా మేనేజరు దగ్గర ఒక్కసారి చూశాను. ఎందుకు చేశానో తెలియదు, ఒక బిళ్ళ చెవి దగ్గర పెట్టుకున్నాను. పాట కాదు. మగగొంతు. "నవ్వుతున్నావు కదూ, నాకు తెలుసు" అంటోంది. గబుక్కున మీట నొక్కి ఆపేశాను. టీచరమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో భయం రాళ్ళది కాదు.

"సంచిలో పెట్టెయ్ మేస్త్రీ. జనం వస్తన్నారు" అన్నాడు పెద్దాయన పళ్ళు బిగించి.

ఆమె బడిసంచిలో పెట్టేశాను. అప్పుడే జనం చేరారు.

పెద్దాయన్ని క్వారీ జీపులో ఒంగోలు తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్పించాం. మర్నాడు మేనేజరు నన్ను పిలిచాడు. గుంటూరు మనిషి, చదువుకున్నవాడు, చెడ్డవాడు కాదు. భయపడిపోయి ఉన్నాడు.

"పైవాళ్ళకి తెలిస్తే క్వారీ మూయిస్తారు. ఎందుకు జరిగిందో నేను రాయాలి. జెండా మనిషి చూసుకోలేదా, ఆమె లెక్కచెయ్యకుండా వచ్చిందా? రెండే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పు."

"పెద్దాయన్ని అడిగి చెబుతానండి" అన్నాను.

"అడిగాను. తనదే తప్పన్నాడు. ఎడ్లని చూస్తూ డొంకదారి మరిచిపోయాడట. అదే రాస్తే పని నుంచి తీసెయ్యక తప్పదు."

నేను ఒంగోలు బస్సెక్కాను. పెద్దాయన భుజానికి కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆయన భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"ఆమె చెవులకి ఆ బిళ్ళలున్నాయని ఒక్క మాట చెబితే నీ పని నిలబడుతుంది పెద్దాయనా" అన్నాను.

"చెబితే ఆమె బతుకు నిలబడుద్దా?" అన్నాడు. "రేప్పొద్దున టీకొట్టు కాడ ప్రతివాడూ అదే మాట. టీచరమ్మ చెవిలో ఎవడు, ఏం చెబుతన్నాడు అని. నా బిడ్డయితే చెబుతానా?"

"ఆమె భర్తే అయ్యుంటాడు."

"ఎవరైతే నాకెందుకు? నా కేక ఆమెకి అందలేదు. అంతే గదా జరిగింది."

ఆయన భార్య తల ఎత్తకుండానే అంది: "పని పోతే మిరపకాయలు కోసుకుని బతుకుతాంలే అయ్యా. ఈయన బతికాడు, చాలు."

నేను తిరుగు బస్సులో ఇంటికి పోలేదు. తిన్నగా బడికి పోయాను. టీచరమ్మ పిల్లల్ని ఆటకి వదిలి వరండాలోకి వచ్చింది. విషయం చెప్పాను. అడగకూడదనుకుంటూనే ఆ మెషీను సైకిలు మీద ఎందుకమ్మా అని కూడా అడిగేశాను.

ఆటలాడుతున్న పిల్లల వైపు ఒకసారి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఇంట్లో టేపురికార్డరు నడవలో ఉంటుందండీ. ఆయన దగ్గర్నుంచి క్యాసెట్ వస్తే అందరం చుట్టూ కూచుంటాం. పక్కింటివాళ్ళు కూడా వస్తారు. ఆయన అందరినీ పేరుపేరునా పలకరిస్తారు. గేదె ఈనిందా అని అడుగుతారు. నా దగ్గరికి వచ్చేసరికి, 'బాగున్నావా, అమ్మని చూసుకో.' అంతే. అంతమంది ముందు ఇంకేమంటారు? మొన్న ఆయన స్నేహితుడు సెలవుకి వస్తూ ఈ చిన్న మెషీనూ, నాకొక్కదానికే ఇంకో క్యాసెట్టూ తెచ్చి బళ్ళో ఇచ్చి వెళ్ళాడు. ఎక్కడ వినను? బళ్ళో పిల్లలు. ఇంట్లో తలుపేసుకుంటే ఎందుకేసుకున్నావంటారు. నేనొక్కదాన్నే ఉండేది ఈ రోడ్డు మీదే."

 నాకు అప్పటికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. మా ఆవిడతో నేను ఒంటరిగా నాలుగు మాటలు చెప్పి ఎన్నాళ్ళయిందో ఆ వరండాలో నిలబడి లెక్కవేసుకున్నాను.

"రేపు ఆఫీసుకి వస్తాను" అంది.

వచ్చింది. ఒంటరిగా కాదు, వాళ్ళ అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. అత్తగారికి ఏం చెప్పి తీసుకొచ్చిందో గానీ, ఆవిడకి ఏమీ తెలియదని ముఖంలోనే కనబడుతోంది. మేనేజరు ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. టీచరమ్మ కూర్చోలేదు. సంచిలోంచి మెషీను తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది చెవులకి పెట్టుకుని వస్తున్నానండీ. అందుకే పెద్దయ్య కేక వినబడలేదు. ఆయన మీద తప్పు రాయకండి."

మేనేజరు ఆశ్చర్యపోయాడు. "పాటలామ్మా?"

"కాదండీ. మా ఆయన మాటలు."

మేనేజరు చెయ్యి అలవాటుగా మీట మీదికి పోయింది. టీచరమ్మ ఆ మెషీను మీద తన చెయ్యి అడ్డం పెట్టింది. "అది మాత్రం నొక్కకండి."

అత్తగారు అంతసేపూ బల్ల వైపే చూస్తోంది. "మావాడిదా? ఇంట్లో అందరం వింటన్నాంగా" అంది.

"అందరం వింటున్నాం అత్తయ్యా. అందుకే" అంది టీచరమ్మ.

 బయట లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. అత్తగారు కొంగు సర్దుకుని లేచింది. మనసుకి దెబ్బ తగిలిన మనిషి లేచినట్టే లేచింది. గుమ్మం దగ్గర ఆగి, కోడలి వైపు చూడకుండా, "నడు. ఎండెక్కుతంది" అంది.

మేనేజరు మొత్తానికి ఎవరి మీదా రాయలేదు. డొంకదారి దగ్గర జెండా లేకపోవడమే కారణమని రాసి, అక్కడ మూడో మనిషిని పెట్టాడు. ఈ వయసులో ఆలోచిస్తే అదే నిజమనిపిస్తుంది. అప్పుడు మాత్రం, ఇంత చిన్న పని ముందే ఎందుకు చెయ్యలేదురా అని అందరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. పెద్దాయన పనిలో ఉండిపోయాడు. కుడిచెయ్యి పైకి లేచేది కాదు. జెండా ఎడమచేత్తో పట్టుకునేవాడు. గొంతుకి మాత్రం ఏమీ కాలేదు.

టీచరమ్మ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. కొన్నాళ్ళు ముఖం వాడిపోయి ఉండేది. సైకిలు మీద మళ్ళీ ఆ మెషీను పెట్టుకోలేదు. వందనాలు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి. తర్వాతెప్పుడో భర్త తిరిగొచ్చాడు, ఒంగోల్లో కరెంటు సామాన్ల కొట్టు పెట్టుకున్నారని విన్నాను.

మా మనవరాలికి నేను చివరికి చెప్పింది ఇదీ. సైకిలు తొక్కేవాడికి వీపున కళ్ళుండవు, చెవులే వీపున కళ్ళు. వాటిని మూసుకుంటే వెనకనుంచి వచ్చే లారీ ఒక్కటే కాదు, నీ మేలుకోరి పిలిచేవాడు కూడా వినబడడు. కాబట్టి రోడ్డు మీద వద్దు. కానీ వాళ్ళమ్మని పక్కకి పిలిచి ఇంకో మాట కూడా చెప్పాను. ఆ పిల్ల ఏం వింటోందో, ఎక్కడ వినాలో ఒకసారి నువ్వూ ఆలోచించు అని. ఒక మనిషికి రోడ్డు తప్ప వేరే చోటు లేకపోతే, వద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు.

పెద్దాయన భార్య ఆ సంగతి నాకంటే ముందే కనిపెట్టింది. మంచాన పడ్డ పెద్దాయన్ని చూడటానికి టీచరమ్మ ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఏమో. పల్లె ప్రార్థన మందిరం తాళంచెవి ఆ ఇంట్లోనే ఉండేది. మామూలు రోజుల్లో అది ఖాళీ.

ఆ ఎండాకాలంలో ఒక సాయంత్రం పని దిగి ఆ పల్లె మీదుగా ఇంటికి పోతున్నాను. మందిరం గోడకి ఆనించి సైకిలు ఉంది. మెట్ల మీద పెద్దాయన భార్య చేటలో ఎండు మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. లోపలెవరమ్మా అని అడిగాను.

"టీచరమ్మ. ప్రార్థన చేసుకుంటంది."

అంతలో లోపల్నుంచి నవ్వు వినబడింది. ఆపుకోలేక వచ్చిన నవ్వు. కాస్త ఆగి మళ్ళీ వచ్చింది.

"ప్రార్థనలో నవ్వొస్తుందా?" అన్నాను.

ఆమె తొడిమ తుంచుతూ నా వైపు చూసింది.

"నీకెప్పుడూ రాలేదా మేస్త్రీ? అయితే సరిగ్గా చేసుకుని ఉండవు."